గీత దాటిన వేదిక

తలుపు మొదట దబదబా రెండుసార్లు మోగింది. అంత గట్టిగా కొట్టినందుకు నొచ్చుకున్నట్టు, ఆ వెంటనే మెల్లగా ఇంకోసారి మోగింది.

"భయపడి వచ్చారు. పైగా మర్యాదస్తులు," అంది టీచరమ్మ పేపరు మడుస్తూ. అల్లుడు లేచి తలుపు తీశాడు.

టీచరమ్మ పాలిటెక్నిక్‌లో ఏళ్ళ తరబడి ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి. పిల్లల అబద్ధాలు పట్టుకోవడంలో ఆరితేరిన బుర్ర ఊరికే కూర్చోలేక, ఇంటి ముందు ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు తగిలించింది. ఆమెకు అసిస్టెంటు సొంత అల్లుడే. అత్తగారి తెలివి చూసి మురిసిపోయే అల్లుడు లోకంలో ఎక్కడైనా ఉంటాడా అని వీధిలోవాళ్ళు నవ్వుకుంటారు. నవ్వితే నవ్వనీ, ఈ ఇంట్లో ఉన్నాడు. ఆవిడ గురించి ఒకటికి రెండు కలిపి చెప్పడమే అతనికున్న ఒకే ఒక్క దురలవాటు.

గుమ్మంలో నిలబడ్డ ఆవిడకు నలభై ఏళ్ళుంటాయి. మెడలో కొలత టేపు వేలాడుతోంది. తీసి రావాలన్న ధ్యాస కూడా లేనట్టుంది.

"నేను నాటక కంపెనీలో వేషాల బట్టలు కుడతానండీ," అంది కూర్చుని. "మా ఆయన అక్కడే వేదిక తిప్పుతాడు."

"వేదిక తిప్పడమంటే?" అడిగాడు అల్లుడు.

"వేదిక మధ్యలో పెద్ద గుండ్రటి చెక్క పళ్ళెం ఉంటుందండీ. దాని మీద ఒకవైపు రాజమందిరం సెట్టు, ఇంకోవైపు కొండ సెట్టు. మా ఆయన పక్కన నిలబడి మీట నొక్కి పట్టుకుంటే కింద మోటారు పళ్ళేన్ని తిప్పుతుంది. మందిరం వెనక్కి పోయి కొండ ముందుకొస్తుంది. తెల్ల గీత దగ్గరికి రాగానే మీట వదుల్తాడు, ఆగిపోతుంది. మొన్న మొదటి ఆట. మీట వదిలితే పళ్ళెం ఆగలేదు. గీత దాటిపోయింది, వెనక్కి వచ్చింది, మళ్ళీ ముందుకు పోయింది. కొండ మెట్ల మీద నాయిక ఉంది. పైనుంచి పడి చీలమండ విరగ్గొట్టుకుంది."

"మీ ఆయన కావాలని చేశాడంటున్నారా?" అడిగింది టీచరమ్మ.

"ఆ రోజు పొద్దున్నే నాయికకూ ఈయనకూ మాటా మాటా పెరిగింది. నీ చెయ్యి వణుకుతోంది, ఇంకొకణ్ణి పెట్టుకోమంటానని ఆవిడ అందరి ముందూ అంది. ఏదో ఒకరోజు పైనుంచి పడితే తెలుస్తుందిలెమ్మని ఈయన అన్నాడు. అన్నది నేనూ విన్నాను. ఈ సాయంత్రం పోలీసులకు అప్పజెప్తానని యజమాని కూర్చున్నాడు."

"ఆయనేమంటున్నాడు?"

"ఏమీ అనడండీ. చేతులు చూసుకుంటూ కూచుంటాడు." ఆమె కళ్ళు దించుకుంది. "ఇరవై ఏళ్ళ కాపురం. నువ్వే చేశావా అని అడగడానికి నోరు రావట్లేదు. అవునంటాడేమోనని భయం. మీరు కనుక్కోండి. చేశాడని తేలితే మాత్రం పోలీసులకన్నా ముందు నాకు చెప్పండి."

అల్లుడు ఆమెకు మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. టీచరమ్మ మాత్రం సంబంధం లేని ప్రశ్న వేసింది. "మీరు కుట్టే గది ఎక్కడ?"

"వేదిక కిందే. మోటారు గుంతకూ నాకూ చెక్క గోడే అడ్డం."

"పొద్దస్తమానం ఆ మోత భరించాలన్నమాట."

"అలవాటైపోయిందండీ. మునుపు చెవిలో దోమలా సన్నగా కీచుమనేది. ఈ వారం పది రోజుల్నించీ కాస్త నయం, బొంగురుగా గుర్రుమంటోంది. నూనె బాధ కూడా తప్పింది. గేర్‌బాక్స్ నుంచి కారి నా గుడ్డల మీదకు పాకేది. మా తమ్ముడు అక్కడే ఫిట్టరు. వాడేదో చేసి ఆపాడు, పుణ్యం కట్టుకున్నాడు."

టీచరమ్మ తలూపి గొడుగు అందుకుంది.

నాటకశాలలో యజమాని వాళ్ళను ఖాళీ కుర్చీల వరసల్లోనే కూర్చోబెట్టి మాట్లాడాడు. నిండైన మనిషి, నిండైన గొంతు. ఎదురుగా వేదిక మీద రాజమందిరం ముందుండగా, వెనకనుంచి కొండ శిఖరం తొంగి చూస్తోంది.

"ఇందులో పరిశోధించడానికేముంది టీచరమ్మ గారూ? పోయిన సీజనంతా ఇదే కొండ, ఇదే మందిరం, ఇదే మోటారు, ఇదే మనిషి. ఒక్క ఆటలోనూ పళ్ళెం గీత దాటలేదు. ఇప్పుడు మారింది ఒక్కటే, అతని మనసు."

మాట గట్టిగానే ఉంది. అల్లుడు అత్తగారి వైపు దిగులుగా చూశాడు.

"మొదటి ఆటకు ముందు తిప్పి చూశారా?" అడిగింది టీచరమ్మ.

"చూడకేం. వారమంతా రిహార్సల్స్‌లో తిప్పాం. గీత మీద దారం పట్టినట్టు ఆగింది."

"కొండతోనా?"

"రిహార్సల్‌కి కొండెందుకు? ఖాళీ పళ్ళెం మీద సుద్దతో మెట్లు గీసుకుంటాం. తెర లేవకముందు సెట్టుతో తిప్పితే నాటకం పల్టీ కొడుతుందని మా నాన్నగారి కాలం నుంచీ నమ్మకం."

"నమ్మకం మంచిదే. నాటకానికి బదులు నాయిక పల్టీ కొట్టింది," అంది టీచరమ్మ.

యజమాని ముఖం ముడుచుకున్నాడు. "ప్రమాదం జరగ్గానే మోటారు గుంతకు తాళం వేశాను. సాక్ష్యం చెడకూడదని. తుడవాలంటూ ఫిట్టరు రెండుసార్లు తాళంచెవి అడిగినా ఇవ్వలేదు. మాకూ కాస్త తెలివుంది."

"ఉంది కాబట్టే మా పని తేలికయింది," అంది టీచరమ్మ. ఈసారి ఆమె మాటలో ఎత్తిపొడుపు లేదు.

మీట పక్కన స్టూలు మీద ఆపరేటరు కూర్చుని ఉన్నాడు. పలచటి మనిషి, కణతల దగ్గర నెరిసిన జుట్టు. టీచరమ్మ పలకరించగానే లేచి నిలబడ్డాడు.

"మీట నొక్కి పట్టుకునేది ఎంతసేపో మీకెలా తెలుస్తుంది?"

"పాటను బట్టి. నొక్కగానే పల్లవి మొదలవుతుంది. పల్లవి అయ్యేసరికి గీత వస్తుంది."

"మొన్న?"

"మొన్నా అంతే. వేగంలో తేడా లేదు. పల్లవి అయింది, గీత వచ్చింది, వదిలాను." అతను కుడి చెయ్యి తిప్పి చూసుకున్నాడు. "వదిలాననే అనుకున్నాను. ఆవిడ మీద కోపం ఉన్న మాట నిజం. నాకు తెలియకుండా చెయ్యి ఆలస్యం చేసిందేమో. నేనేం చెప్పగలను?"

ఇలా తనమీద తానే చాడీ చెప్పుకునే అనుమానితుణ్ణి అల్లుడు ఇంతకుముందు చూడలేదు.

నాయిక మేకప్ గదిలో, కట్టు కట్టిన కాలు బల్ల మీద పెట్టుకుని ఉంది. అడగకముందే చెప్పింది, "అతనే చేశాడు. నా కళ్ళతో చూశాను, పంతం పట్టినట్టు ఊపాడు."

"అటూ ఇటూ ఎన్నిసార్లు ఊగింది?"

"ఎవరు లెక్కపెట్టారు? ముందుకూ వెనక్కూ, తగ్గుతూ తగ్గుతూ ఆగింది."

"తగ్గుతూ తగ్గుతూ," అని టీచరమ్మ తనలో అనుకుంది. గది బయటికొచ్చాక అల్లుణ్ణి అడిగింది. "మనిషి మీట ఆలస్యంగా వదిలితే ఏమవుతుంది, అల్లుడు గారూ?"

"పళ్ళెం గీత దాటి ఆగుతుంది."

"అంతేగా. మరి వెనక్కెందుకొచ్చింది? ఆ మీటకు వెనక్కి తిప్పే పనే లేదు."

అల్లుడి కళ్ళు మెరిశాయి. ఆ ప్రశ్న తనకు ఎందుకు తట్టలేదా అని బాధపడాల్సింది పోయి, అత్తగారికి తట్టినందుకు సంతోషించాడు.

యజమాని తాళం తీసి, టార్చి వెలుగులో వాళ్ళను గుంతలోకి దింపాడు. గోడకు మోటారును నడిపే కంట్రోల్ పెట్టె తగిలించి ఉంది. మోటారు పుచ్చకాయంత ఉంది. దాని ముక్కు ఇనుప పెట్టెలోకి దూరి ఉంది. ఆ పెట్టెలోంచి వచ్చిన ఇరుసే పైన పళ్ళేన్ని తిప్పుతుంది.

"ఇదే గేర్‌బాక్స్. మా నాన్నగారు కొన్నది," అన్నాడు యజమాని. "మోటారు ముప్పై చుట్లు తిరిగితే ఇది బయటికి ఒక్క చుట్టు ఇస్తుంది. ముప్పైకి ఒకటి అని ఆయన ముచ్చటగా అందరికీ చెప్పేవారు."

గేర్‌బాక్స్ పైనంతా కొత్త బూడిదరంగు పూత. ఆ పూతలో కుంచె వెంట్రుక ఒకటి అతుక్కుని ఉంది. కింద నేలంతా పాత నూనె మరకలే. పెట్టె అడుగున పెట్టిన డబ్బా మాత్రం ఎండిపోయి దుమ్ము పట్టింది.

"వేలిముద్రలు దాచడానికి రంగేశారు, అత్తయ్య గారూ," అన్నాడు అల్లుడు గుసగుసగా.

"వేలిముద్రలకైతే పాత గుడ్డ చాలు," అంది టీచరమ్మ. తర్వాత యజమానితో, "మధ్యాహ్నం అందర్నీ వేదిక మీదికి పిలవండి. ఫిట్టర్ని కూడా. కొండ మెట్ల మీద ఇసుక బస్తాలు పెట్టించండి. మనుషులు ఎవరూ ఎక్కొద్దు," అంది.

పైకొచ్చాక ఆమె నేరుగా కుట్టు గదికి వెళ్ళింది. ఆపరేటరు భార్య గుడ్డ మీద కత్తెర పెట్టి, కత్తిరించకుండా నిలబడి ఉంది.

"మీ ఆయన కాదు," అంది టీచరమ్మ. "ముందు మీకే చెప్పమన్నారుగా. చెప్పాను."

ఆమె కత్తెర వదిలేసి గుడ్డల కుప్ప మీద కూలబడింది. మొహం రెండు చేతులతో కప్పుకుంది. "మరి ఎవరు?" అంది చివరికి.

"అది వింటే ఈ సంతోషం కాస్త తగ్గుతుంది. ముందు దీన్ని కాసేపు అనుభవించండి."

మధ్యాహ్నానికి అందరూ వేదిక అంచున చేరారు. నాయికను కుర్చీతో సహా మోసుకొచ్చారు. ఫిట్టరు చివర నిలబడ్డాడు. అక్క పోలికలే, కాకపోతే అక్క కన్నా పుష్టిగా ఉన్నాడు. టీచరమ్మ క్లాసు మొదలుపెట్టేముందు పిల్లల్ని చూసినట్టు ఒకసారి అందర్నీ చూసింది.

"అమ్మా, మీట మీరు నొక్కండి," అంది నాయికతో.

"నేనా?"

"మీరే. గీత రాగానే వదిలేయండి. ఆపరేటరు గారు దూరంగా ఉంటారు."

నాయిక కుర్చీ మీట దగ్గరికి జరిపారు. ఆమె అనుమానంగానే నొక్కింది. మందిరం కదిలింది, కొండ ముందుకొచ్చింది. పల్లవి పాడేంత సేపు గడిచింది, గీత వచ్చింది, ఆమె చెయ్యి తీసేసింది. పళ్ళెం ఆగలేదు. గీత దాటి మూరెడు దూరం పోయి, విసురుగా వెనక్కొచ్చి, మళ్ళీ ముందుకు ఊగింది. మెట్ల మీది ఇసుక బస్తా ఒకటి దబ్బున కిందపడింది.

పడిన బస్తానే చూస్తున్న ఆపరేటరు, నెమ్మదిగా తన చేతివైపు చూసుకున్నాడు.

"ఇప్పుడు చెప్పండమ్మా," అంది టీచరమ్మ. "ఎవరి మీద కోపంతో ఊపారు?"

నాయిక మీటను ముట్టుకోకూడని వస్తువులా చూసి చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. "అంటే మొన్న కూడా..." అని ఆగిపోయింది.

"మొన్న కూడా ఇదే. ఏమీ మారలేదని యజమాని గారన్నారు. ఆయన అబద్ధమాడలేదు, ఆయనకు కనిపించేవేవీ మారలేదు. కానీ వినిపించేది మారింది. మోటారు మోత ఈమధ్య బొంగురుపోయిందని గోడ పక్కన కుట్టుకునే మనిషి చెప్పింది. మోటారు మునుపటికన్నా నెమ్మదిగా తిరుగుతోందన్నమాట. అయినా పళ్ళెం పల్లవి వేళకే గీత చేరుతోంది. మోటారు నెమ్మదించి, పళ్ళెం నెమ్మదించలేదంటే?"

"మధ్యలోది మారింది," అన్నాడు అల్లుడు. "గేర్‌బాక్స్."

"కూర్చోండి, పాసయ్యారు. యజమాని గారూ, మీరు గుంతలోకి దిగి మోటారు ఇరుసు మీద ఒక సుద్ద గీత, పెట్టె ఇరుసు మీద ఒక గీత గీసి, మోటారును చేత్తో తిప్పండి. పెట్టె ఇరుసు ఒక చుట్టు తిరిగేసరికి మోటారు ఎన్ని చుట్లు తిరిగిందో చెప్పండి."

యజమాని గొంతు కింది నుంచి లెక్కపెడుతూ వినిపించింది. పదిహేను దగ్గర ఆగింది. సుద్ద అంటిన చేతులతో పైకొచ్చాడు. "ఇది మా నాన్నగారి గేర్‌బాక్స్ కాదు," అన్నాడు. చేతులు దులుపుకుని, "అయితే ఏమైంది? వేగం అదేగా?" అన్నాడు.

"అందరూ పడ్డ గుంత అదే," అంది టీచరమ్మ. "గేర్‌బాక్స్ వేగాన్ని మార్చడంతో సరిపెట్టదు. అవతలి బరువు మోటారుకు ఎంతగా తెలియాలో కూడా అదే తేలుస్తుంది. ముప్పైకి ఒకటి అయితే కొండ తోపుడులో ముప్పయ్యో వంతే మోటారు దాకా వస్తుంది. పదిహేనుకి ఒకటి అయితే పదిహేనో వంతు. తోపుడు రెట్టింపయింది. ఇక రెండోది. మోటారు లోపల తిరిగే ఇనుముకు సొంత ఊపు ఉంటుంది. అవతలి ఊపును అదుపు చెయ్యడానికి దాని దగ్గరున్న బలగం అదే. మోటారు సగం వేగంతో తిరుగుతుంటే ఆ సొంత ఊపూ సగమే. అవతల రెట్టింపు, ఇవతల సగం. రెండు రెళ్ళు నాలుగు. గేరు సగం చేస్తే కొండ మోటారుకు రెండింతలు కాదు, నాలుగింతల బరువుగా తెలుస్తుంది."

"కాస్త తెలుగులో చెప్పండి," అంది నాయిక.

"మోటారూ అది తిప్పే బరువూ సమ ఉజ్జీలుగా ఉండాలమ్మా. అచ్చంగా సమానం కానక్కర్లేదు, దరిదాపుల్లో ఉంటే కాపురం సాగుతుంది. పాత గేరుతో కొండ మోటారుకు ఉజ్జాయింపుగా మూడింతలు. మోటారు మాట వినేది. ఇప్పుడు పన్నెండింతలు. మోటారు కొండను నడపడం మానేసింది, కొండే మోటారును ఈడుస్తోంది. మీట వదలగానే కంట్రోల్ పెట్టె పళ్ళేన్ని గీత మీద నిలబెట్టాలని చూస్తుంది. మోటారు పట్టుకోలేక గీత దాటనిస్తుంది. కంట్రోల్ పెట్టె మోటారును తిరగేసి వెనక్కి లాగుతుంది. వెనకవైపూ దాటిపోతుంది. మీరు చూసిన ఊపు అదే, ఎవరి పంతమూ కాదు."

"మరి వారమంతా సరిగ్గా ఆగిందే," అన్నాడు యజమాని.

"ఖాళీ పళ్ళెం తేలిక. నాలుగింతలైనా మోటారు చేతిలోనే ఉంటుంది. కొండతో ఒక్కసారి తిప్పి చూసుంటే ఆ వారంలోనే బయటపడేది. చూడనివ్వలేదు మీ నమ్మకం."

యజమాని నేల చూశాడు. టీచరమ్మ గొంతు తగ్గించింది. "ఇక మార్చిందెవరు? నూనె కారడం ఆగిన రోజే గేర్‌బాక్స్ మారింది. ఆపిన మనిషి ఎవరో అందరికీ తెలుసు. ప్రమాదం తర్వాత తాళంచెవి కోసం రెండుసార్లు వచ్చిందీ ఆ మనిషే."

కుట్టు మనిషి తమ్ముడి వైపు తిరిగింది. అప్పటికే అతను రెండడుగులు ముందుకొచ్చాడు.

"నేనే," అన్నాడు ఫిట్టరు. "నూనె ఆపరా, నూనె ఆపరా అని అక్క రోజూ పోరుతుంటే పాత దానికి నూనె కారకుండా ఆపే సీలు దొరకలేదు. గోడౌన్‌లో అచ్చం అలాంటిదే ఇంకోటి ఉంది. అవే బోల్టులు, అవే కన్నాలు. పెట్టి చూస్తే పళ్ళెం రెండింతల వేగంతో పరిగెత్తింది. మోటారు వేగం సగానికి తగ్గించాను. సరిగ్గా ఆగింది, పని అయిపోయిందనుకున్నా. పాతది యజమాని గారి నాన్నగారిది, తీసేశానంటే తిడతారని పైన రంగేశాను."

"ప్రమాదం జరిగాక?"

"అనుమానమొచ్చింది. పాతది పెట్టి చూద్దామంటే తాళం. నోరు విప్పితే ఉద్యోగం పోతుందని భయం. బావను స్టేషన్ దాకా పోనిచ్చేవాణ్ణి కాదు, ఒట్టు."

"మీ బావ చేతులు చూసుకుంటూ కూచుంటే, ఎదురుగా కూచుని అన్నం తిన్నావు కదరా," అంది అక్క. ఆమె గొంతు పెంచలేదు. ఫిట్టరు ఒక్కసారిగా ఏడ్చేశాడు, పెద్ద ఒళ్ళంతా కదిలిపోయేలా.

అతన్ని ఏం చెయ్యాలన్నది యజమానికి తోచలేదు. తోచింది నాయికకే. "ఈ కట్టు విప్పేదాకా నన్ను మెట్లెక్కించి దించే పని ఇతనిది," అంది. "ఒళ్ళు బాగానే పెంచాడు. ముందు ఆ పాత పెట్టె తెచ్చి బిగించమనండి." యజమాని ఊపిరి పీల్చుకుని, సరేనన్నాడు. తెర లేవకముందే ఇకనుంచి కొండతో తిప్పి చూస్తామని కూడా, ఎవరూ అడగకుండానే అన్నాడు.

ఫిట్టరు పాత గేర్‌బాక్స్ మోసుకొచ్చి బిగించి, మోటారు వేగం మునుపటికి తెచ్చేసరికి పొద్దు వాలింది. మోటారు మళ్ళీ సన్నగా కీచుమంది. ఇసుక బస్తాలతో ఒకసారి తిప్పారు. గీత మీద ఆగింది. అప్పుడు నాయిక తన కుర్చీని కొండ కింద, పళ్ళెం మీదే వేయించుకుని కూర్చుంది.

"తిప్పు," అంది ఆపరేటరుతో.

అతను మీట దాకా వెళ్ళి ఆగిపోయాడు. "వేరేవాళ్ళు తిప్పుతారు లెండి."

"వేరేవాళ్ళు తిప్పితే నేను కూచోను. నీ చెయ్యి వణుకుతోందని నేనే అన్నాను, ఆ మాట నేనే వెనక్కి తీసుకోవాలి. తిప్పు."

అతను నొక్కాడు. కొండ వెనక్కి వెళ్ళి, పూర్తిగా చుట్టొచ్చి, గీత చేరింది. చెయ్యి తీశాడు. పళ్ళెం గీత మీద నిలిచిపోయింది. నాయిక కుర్చీ ఇసుమంతైనా కదల్లేదు. అల్లుడు చప్పట్లు కొట్టబోయి, అత్తగారి చూపు చూసి మానేశాడు, కానీ అప్పటికే అందరూ కొట్టేస్తున్నారు.

ఆపరేటరు భార్య దగ్గరికి వచ్చాడు. "అందరూ అడిగారు, నువ్వే చేశావా అని. నువ్వొక్కదానివే అడగలేదు. నువ్వు నమ్ముతున్నావన్న ధైర్యంతోనే ఈ రెండు రోజులూ ఉన్నాను."

ఆమె టీచరమ్మ వైపు చూసింది. టీచరమ్మకు ఉన్నట్టుండి గొడుగు పుల్లలు సరిచేసే పని పడింది. అల్లుడు కూడా ఆ గొడుగునే శ్రద్ధగా చూడసాగాడు.

"నమ్మి కాదు," అంది ఆమె. "అవునంటావేమోనని భయపడి అడగలేదు. నిన్నడగలేకే ఈవిడ దగ్గరికి పరిగెత్తాను."

అతను ఆమె మెడలోని టేపు తీసి మడిచాడు. "నన్ను నేనే నమ్మలేదు, నిన్నేమంటాను," అన్నాడు తర్వాత. "నువ్వు పరిగెత్తబట్టే కదా, ఈ చెయ్యి మళ్ళీ నాదయింది. పద ఇంటికి. ఆకలేస్తోంది."

ఆమె ఏడుస్తూనే నవ్వింది. "ఏం వండను?"

"ఏదో ఒకటి. త్వరగా అయ్యేది."